ఉద్దానంలో బొండాం వద్దనగలమా

రిటైరయ్యాక పాఠాలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నోరు మెదపనివాళ్ళు పెన్షను చేతికందగానే మహా జ్ఞానులైపోతారు. అయినా ఇప్పుడు నేనూ ఆ పనే చేస్తున్నాను. మా వీధి అమ్మాయి ఒకతె నర్సింగు చదివి, నేను చేసి వచ్చిన క్వాలిటీ విభాగంలోనే చేరింది. ఆర్డరు చేతిలో పట్టుకుని మా ఇంటికొచ్చి, "అత్తా, క్వాలిటీ అంటే అసలేటి సేత్తారు?" అని అడిగింది. దానికి టీ ఇచ్చాను గానీ సమాధానం ఇవ్వలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను టెక్కలిలో పుట్టినదాన్ని. స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, సగం ఉద్యోగం వార్డుల్లో చేశాను. తర్వాత పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఉన్న ఆస్పత్రులు, డయాలసిస్ కేంద్రాలు తిరిగి, అక్కడ మనుషులకి అందుతున్న సేవ ఎలా ఉందో చూసి, బాగులేకపోతే బాగుచేయించే పనిలో వేశారు. ఉత్తర్వుల్లో ఆ పనికి పెద్ద పేరుంది. ఊళ్ళల్లో మాత్రం నన్ను సిస్టరమ్మ అనే పిలిచేవారు. ఎక్కడెక్కడ ఏ పొరపాటు జరిగిందో కేంద్రం పేరుతో సహా చెప్పే ఉద్దేశం నాకు లేదు. మనుషుల పేర్లు మార్చాను. మాటలు మాత్రం మార్చలేదు.

ఏ గోడ మాట వినాలి

ఈ పనిలో చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయనకి గోడల పిచ్చి ఉండేది. తనిఖీ వస్తోందంటే చాలు, గోడలకి రంగు, రంగు మీద పోస్టర్లు. ఆయన చెడ్డవాడేం కాదు. ఫైలు ఆపేవాడు కాదు, చెయ్యి చాపేవాడు కాదు. కానీ గోడ మాట్లాడితే మనిషి మాట్లాడక్కర్లేదని ఆయన గట్టి నమ్మకం.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో ఎండలో పనిచేసేవాళ్ళు నీళ్ళు సరిగా తాగరు, ఎండకు ఒళ్ళు ఎండిపోతుంది, అందుకని నీళ్ళు బాగా తాగండని ఊరూరా చెప్పేవాళ్ళం. మంచి మాటే. కానీ జబ్బు ముదిరి డయాలసిస్ మీద ఉన్నవాడి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాడికి మూత్రం రాదు. తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. వాడు గ్లాసు కొలుచుకుని తాగాలి.

మా అధికారి గారి పుణ్యమా అని ఒక డయాలసిస్ కేంద్రం వరండాలో రెండు పోస్టర్లు ఎదురెదురుగా వెలిశాయి. ఒకదాని మీద నిండు బిందె బొమ్మ, "నీళ్ళు బాగా తాగండి" అని. రెండోదాని మీద చిన్న గ్లాసు బొమ్మ, "నీళ్ళు తగ్గించి తాగండి" అని. ఆ రెంటి మధ్య బల్ల మీద కూర్చున్న ముసలాయన ఒకడు నన్ను పిలిచి, "సిస్టరమ్మా, నాను ఏ గోడ మాట ఇనాల?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఆ రోజే బిందె పోస్టరు చింపించాను. అధికారి గారికి కోపం వచ్చింది, రెండ్రోజులకి తగ్గింది కూడా.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేదేమిటంటే, మన మాట తప్పు కాకపోవచ్చు. ఎవరికి చెబుతున్నామో, ఎక్కడ చెబుతున్నామో చూసుకోకపోతే ఒప్పు మాట కూడా మనిషిని ముంచుతుంది. ఇది నాకు పోస్టరు దగ్గర సగమే అర్థమైంది. మిగతా సగం ఎర్రయ్య దగ్గర అర్థమైంది.

ఎర్రయ్య, పోలమ్మ

ఎర్రయ్యది బారువ వైపు ఒక చేపలపల్లె. సముద్రం మీద పెరిగిన మనిషి. రెండు కిడ్నీలూ పాడయ్యాక తెప్ప ఎక్కడం మానేసి, ఒడ్డున కూర్చుని వలలు కుట్టేవాడు. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి వచ్చేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మిషను మీద ఉన్నంతసేపూ చలికి వణికేవాడు. ఒంట్లోంచి నెత్తురు బయటికి పోయి, మిషనులో తిరిగి మళ్ళీ లోపలికొచ్చేటప్పుడు చాలామందికి చలేస్తుంది. పైగా ఆ గదిలో ఏసీ. మేమిచ్చే దుప్పటి పల్చనిది. దాన్ని రెండు మడతలేసి కప్పుకున్నా అతని పళ్ళు కటకటలాడేవి.

అతని భార్య నూకమ్మ ఎండుచేపల బేరం చేసేది. పిల్లలు లేరు. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని అక్క పోలమ్మ పెంచింది. మా వైపు అక్కని అప్ప అంటారు. పోలమ్మని ఒడిశా సరిహద్దు పక్కనున్న డొంకూరు ఇచ్చారు. తమ్ముడికి జబ్బని తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె డొంకూరు నుంచి బస్సులు మారి వచ్చేది. ఒట్టి చేతులతో ఎప్పుడూ రాలేదు. ఒక గోనెసంచి నిండా కొబ్బరి బొండాలు తెచ్చేది.

ఇక్కడ మా ఉద్దానం సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఇంటికొచ్చిన మనిషికి బొండాం కొట్టి ఇవ్వకపోతే మర్యాద కాదు. మంచాన పడ్డవాణ్ణి చూడ్డానికి వెళ్ళేవాళ్ళు బొండాం పట్టుకెళ్ళకపోతే అసలు వెళ్ళినట్టే కాదు. ఇచ్చిన బొండాం వద్దంటే, ఇచ్చినవాళ్ళని వద్దన్నట్టు. జ్వరానికీ బొండామే, విరేచనాలకీ బొండామే, పురిటికీ బొండామే. దానంత చలవ చేసేది మరోటి లేదని ఊరందరి నమ్మకం. మామూలు మనిషికి అది నిజమే.

డయాలసిస్ మనిషికి మాత్రం బొండాం విషంతో సమానం. అందులో పొటాషియం అనే ఉప్పు ఎక్కువ. మన ఒంట్లో ఎక్కువైతే మూత్రంలో పోతుంది. వాళ్ళకి పోయే దారి లేదు. అది నెత్తుట్లో పెరిగిపోతే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. నొప్పి ఉండదు, ముందుగా కబురూ ఉండదు. శుక్రవారం డయాలసిస్ చేయించుకున్నవాడికి మళ్ళీ సోమవారం దాకా మిషను లేదు. ఆ మధ్య ఆదివారం వస్తుంది. ఆదివారమే చుట్టాలొస్తారు.

మా కేంద్రంలో ప్రతి రోగికీ చెప్పేవాళ్ళం, బొండాం తాగొద్దని. చిలక్కి చెప్పినట్టు చెప్పేవాళ్ళం. అందరూ తలూపేవారు. ఎర్రయ్య అందరికంటే ముందు ఊపేవాడు.

నిజం చెప్పిన డాక్టరు గారు

ఒక సోమవారం పొద్దున్న నేను ఆ కేంద్రంలోనే ఉన్నాను. ఎర్రయ్యని నూకమ్మ, పోలమ్మ చెరో రెక్కా పట్టుకుని ఆటోలోంచి దింపారు. కాళ్ళు చచ్చుబడిపోయి ఉన్నాయి. గుమ్మం దాటాడో లేదో కూలిపోయాడు. డాక్టరు మధుసూదన్ గారు డ్యూటీలో ఉన్నారు. చిన్న వయసు, చురుకైన మనిషి. ఈసీజీ చూడగానే పొటాషియం అని గుర్తుపట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, మిషను మీద పెట్టి, మనిషిని దక్కించుకున్నారు. ఆయన కాకుండా ఇంకెవరైనా అయితే ఎర్రయ్య ఆ రోజే పోయేవాడు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది ఆయనకి అంత గొప్పగా ఉండదు.

ఎర్రయ్య తెప్పరిల్లాక డాక్టరు గారు వరండాలోకి వచ్చి అడిగారు, "నిన్నేం పెట్టారు ఇతనికి?"

నూకమ్మ తల దించుకుంది. పోలమ్మ మాత్రం గొప్పగా చెప్పింది. "నానే రెండు బొండాలు తాగించినాను బాబూ. నీరసంగున్నాడని. మా సెట్టువే, లేతవి."

వరండా నిండా రోగులు, వాళ్ళ వాళ్ళు ఉన్నారు. డాక్టరు గారు అప్పటిదాకా ఒక ప్రాణంతో పెనుగులాడి వచ్చారు. ఆ వేడి ఇంకా తగ్గలేదు. "నువ్వేనా? నీ చేతులతో నువ్వే చంపబోయావు ఇతన్ని. ఆ బొండాలే ఇతని గుండెని ఆపబోయాయి. ఇంకోసారి తెస్తే ఈసారి శవాన్నే తీసుకెళ్తావు," అన్నారు.

పోలమ్మ ఏడవలేదు. ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, తమ్ముణ్ణి లోపలికెళ్ళి చూడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాకు అప్పుడే ఒళ్ళు మండింది. కానీ ఏమని అనను? ఆయనన్న ప్రతి మాటా నిజం. పైగా నా పనికి అది లాభం కూడా. సోమవారాలు మా కేంద్రాల్లో మనుషులు ఎందుకు ఎక్కువగా కూలిపోతున్నారో మాకు అంతుపట్టేది కాదు. కొందరు నీటి ప్లాంటుని అనుమానించారు, కొందరు మిషన్లని, ఇంకొందరు టెక్నీషియన్లని. రెండు రోజుల ఎడం కూడా కారణమే. కానీ ఆ ఎడంలో ఇంటికి ఏమొస్తోందో మేమెవరం చూడలేదు. కారణం దొరికిందని మీటింగులో చెబితే అందరూ మెచ్చుకున్నారు.

ఖాళీ మంచం

తర్వాతి ఆదివారం పోలమ్మ తమ్ముడింటికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆ తర్వాతి సోమవారం ఎర్రయ్య డయాలసిస్‌కి రాలేదు.

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో రోగులందరికీ తెలుసు. ఒకటి ఎగ్గొడితే ఆయాసం. రెండు ఎగ్గొడితే పడుకోలేరు. ఇంకా మానేస్తే మనిషి దక్కడు. నేను ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

ఎర్రయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి ఉంది. "ఏం ఎర్రయ్యా, రాలేదేం?" అన్నాను.

"ఏటికి సిస్టరమ్మా, రావడం," అన్నాడు.

"బతకడానికి."

"బతికి సేసేదేటుంది," అని లేచి లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నూకమ్మ నన్ను ఇంటి పక్కకి తీసుకెళ్ళింది. "ఆల్లప్ప వత్తాదని శనోరం నుంచీ దారి సూసేవోడమ్మా. ఆదోరం ఒక్కరోజే నవ్వేవోడు. ఇప్పుడు ఆవిడ రాదు. కబురెడితే, తమ్ముణ్ణి సంపేదాన్ని, నాను రాకూడదు అందట. ఆ మాట ఇన్నకాడ్నుంచి ఈడు సూది ఏయించుకోనంతన్నాడు. నా అప్పని అందరి ముందూ అన్నోల్ల కాడికి నాను మల్లీ ఎల్లను అంతన్నాడు."

"నీకు ముందే తెలుసు కదా నూకమ్మా, బొండాం తాగకూడదని?"

"తెలుసు. ఆయనకీ తెలుసు. ఆదోరం రేతిరి పండుకోబోతూ, రేపు ఆస్పత్రికి తొందరగా ఎల్లిపోదారి అనీవోడు. కానీ ఆవిడ అంత దూరం మోసుకొచ్చి, కొట్టి, నోటి కాడ ఎడితే ఎలగ వద్దంటాడమ్మా?"

నేను నచ్చజెప్పాను, కోప్పడ్డాను, బతిమాలాను. ఎర్రయ్య గోడవైపు నుంచి ఇటు తిరగలేదు. నా ఉద్యోగంలో చచ్చిపోయిన రోగులు చాలామందే ఉన్నారు. కానీ మందు ఉండి, మిషను ఉండి, మంచం ఖాళీగా ఉండి, మనిషి ఇంట్లో కూర్చుని చావుకోసం ఎదురుచూడటం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు డాక్టరు గారి దగ్గరకెళ్ళి మొత్తం చెప్పాను. "మీరు నాతో డొంకూరు రావాలి," అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "నేనన్నదాంట్లో తప్పేముందండీ?"

"తప్పేం లేదు. అందుకే మీరు రావాలి. తప్పయితే నేనే వెళ్ళి, డాక్టరు గారు పొరబడ్డారమ్మా అని చెప్పి వచ్చేదాన్ని. నిజం కాబట్టి మీరే వచ్చి, దాన్ని ఆమెకి మళ్ళీ సరిగా చెప్పాలి."

ఆయన డ్యూటీ చార్టు చూసుకున్నారు. "బుధవారం మధ్యాహ్నం వెళ్దాం," అన్నారు. బుధవారం పొద్దున్న కూడా ఎర్రయ్య మంచం ఖాళీగానే ఉంది.

డొంకూరు

పోలమ్మ ఇంటి ముందు ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. జీపు ఆగగానే తల ఎత్తి చూసింది. డాక్టరు గారిని గుర్తుపట్టింది. లేచి, చేతులు దులుపుకుని, ఇంట్లోకి వెళ్ళింది. తలుపేసుకుంటుందనుకున్నాను. రెండు కుర్చీలు తెచ్చి వేసింది. మళ్ళీ లోపలికెళ్ళి కత్తీ, రెండు బొండాలూ పట్టుకొచ్చింది. చెక్కి, మూతి కొట్టి, ఒకటి నాకిచ్చింది, ఒకటి డాక్టరు గారికిచ్చింది.

డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా. నాకు షుగరుంది."

పోలమ్మ బొండాం వెనక్కి తీసుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. కోపం లేదు, బతిమాలడం లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషి తన చేతిది తీసుకుంటాడా లేదా అని చూస్తోంది, అంతే. ఆ వీధిలో అటూ ఇటూ ఇళ్ళ ఆడవాళ్ళు, కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో గుసగుసలాడుకుంటూ చూస్తున్నారు. డాక్టరు గారు నావైపు చూశారు. నేను నా బొండాం తాగుతూ ఊరుకున్నాను. ఆయన చెయ్యి చాపి తీసుకున్నారు. మొత్తం తాగారు.

అప్పుడు పోలమ్మ నేలమీద కూర్చుంది. "సెప్పండి బాబూ. ఎందుకొచ్చినారు?"

డాక్టరు గారు కుర్చీలోంచి దిగి ఆమెకెదురుగా ఇసుకలో కూర్చున్నారు. ఫ్యాంటుకి చేపపొలుసు అంటుకుంది, చూసుకోలేదు. "ఆ రోజు నేను అన్న మాట అలా అనకూడదమ్మా. అందరి ముందూ అసలు అనకూడదు. నన్ను క్షమించు," అన్నారు.

"మాటకేటి బాబూ. నిజమో కాదో సెప్పండి. నా సేతి బొండాలే కదా?"

డాక్టరు గారు కాదని అనేస్తారేమోనని నేను భయపడ్డాను. అబద్ధం చెప్పి ఓదార్చడం చాలా తేలిక. అలా చెబితే ఆమె మళ్ళీ ఆదివారం బొండాల సంచి మోసుకొచ్చేది.

"నిజమేనమ్మా," అన్నారు ఆయన. "కానీ నువ్వు ఆ బొండాం ఎవరికిచ్చినా మంచే జరుగుతుంది. ఇప్పుడు నాకిచ్చావు, నాకు మహా అయితే కాస్త షుగరు పెరుగుతుంది. మీ తమ్ముడి ఒంట్లో దాన్ని బయటికి పంపే దారి మూసుకుపోయింది. లోపలికెళ్ళిన ఉప్పు లోపలే ఉండి గుండెని పట్టేస్తుంది. అది నీకు ఎవరూ చెప్పలేదు. మేం అతనికి చెప్పాం. నీకు చెప్పలేదు. తెచ్చేది నువ్వని మేం ఆలోచించలేదు."

పోలమ్మ ఇసుకని అరచేత్తో సర్దుతూ అడిగింది, "అయితే నాను ఏటి తెచ్చుకెల్లాల?"

"ఏమీ వద్దమ్మా. నువ్వు వస్తే చాలు."

"మీకు సాలు బాబూ. మాకు సాలదు. ఒట్టి సేతుల్తో తమ్ముడి గుమ్మం ఎక్కితే, ఆడి కల్లల్లోకి ఎలగ సూడాల? అరటిపండు తెత్తే వద్దంటారు, నారింజొద్దంటారు, ఎండుసేప ఉప్పంటారు. అప్పనై పుట్టినాను. ఆడికి పెట్టకుండా నానేటి అప్పని?"

డాక్టరు గారి చదువుల్లో ఇది ఎక్కడా లేదు. నేను అప్పటిదాకా ఊరుకున్నదాన్ని, ఎందుకు అన్నానో నాకే తెలీదు, "ఆడికి అక్కడ సలేస్తాది పోలమ్మా. మిషను మీద ఉన్నంతసేపూ వణుకుతూనే ఉంటాడు. మా దుప్పటి ఆనదు," అన్నాను.

పోలమ్మ లేచి లోపలికెళ్ళింది. కాసేపటికి ఒక బొంత తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గర కుట్లతో కుట్టిన మందపాటి బొంత. "ఇది ఆడికిచ్చీండి," అంది.

"పట్టుకెళ్తాను. ఉతికించి ఉంచుతాను. ఆడి మీద మాత్రం నాను కప్పను. నువ్వే కప్పాలి. రేపు ఆడింటికెళ్ళు. శుక్రవారం ఆడిని నువ్వే తీసుకురా. రెండుసార్లు ఎగ్గొట్టీసినాడు, ఇంకోటి ఎగ్గొడితే మన చేతుల్లో లేదు."

ఆమె వస్తానని అనలేదు, రానని అనలేదు. జీపు దాకా వచ్చి నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు సోంపేట దాటాక డాక్టరు గారు, "నాకు షుగరు ఉండి కూడా తాగానండీ," అన్నారు.

"చూశాను," అన్నాను.

"నేను డాక్టర్ని. నేనే వద్దనలేకపోయాను."

ఆ ఒక్క బొండాంతో మా పద్ధతే మారింది. అప్పటిదాకా రోగిని కూర్చోబెట్టి ఏం తినకూడదో చెప్పేవాళ్ళం. ఆ తర్వాత, మీ ఇంటికి ఎవరొస్తారు, ఏం తెస్తారు అని అడగడం మొదలుపెట్టాం. ఆ వచ్చేవాళ్ళనే ఒకసారి కేంద్రానికి తీసుకురమ్మని, వాళ్ళకి విడిగా, గొంతు తగ్గించి, కూర్చుని చెప్పేవాళ్ళం. మంచి మాట మోసే భారం రోగి మీద వేయకూడదు. వాడు ఇంటికెళ్ళి తన వాళ్ళతో పోట్లాడలేడు. ఇది నేర్చుకోవడానికి మాకు ఎర్రయ్య ప్రాణం అంచుదాకా వెళ్ళాల్సి వచ్చింది.

నేను రాసిన రూలు

ఒక చిక్కు మిగిలింది. డయాలసిస్ గదిలోకి బయటి గుడ్డలు రాకూడదు. ఆ రూలు రాసింది నేనే. అక్కడ సూదులూ, నెత్తురూ తెరిచి ఉండే పని. ఎవరింటి నుంచో వచ్చిన దుప్పటిలో ఏముంటుందో ఎవరికి తెలుసు? అలాంటి గుడ్డల వల్ల పురుగులు పడి, గది మూసి కడగాల్సి వచ్చిన రోజులున్నాయి. రోగుల వాళ్ళు ఎంత బతిమాలినా నేను ఒప్పుకునేదాన్ని కాదు.

డాక్టరు గారు జీపులోనే నా ఒళ్ళో ఉన్న బొంత వైపు చూసి, "మీ రూలు ఏం చేద్దాం?" అన్నారు. ఆయన కళ్ళల్లో కాస్త నవ్వు కూడా ఉంది. డొంకూరు రమ్మన్నందుకు లెక్క తీర్చుకుంటున్నారు.

"క్రిములు రాకూడదని రాశాను. అప్పలు రాకూడదని రాయలేదు," అన్నాను. కోపంగానే అన్నాను.

కొత్తవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. రూలుని గాలికొదిలేయడం జాలి కాదు. రూలు ఎందుకు పెట్టామో అది నెరవేరుతూనే మనిషికి దారి ఉందా అని చూడాలి. బొంతని కేంద్రం లాండ్రీలో మరుగుతున్న నీళ్ళల్లో మందేసి ఉడకబెట్టించాను. లాండ్రీ మనిషి, "ఇది ఆరేసరికి సంకురాత్రి వత్తాది," అని సణిగాడు. డాబా మీద ఎండలో వేశాం, నేనే రెండుసార్లు తిరగేశాను. గురువారం సాయంత్రానికి ఆరింది. కేంద్రం దాటి బయటికి వెళ్ళకూడదని, మిషను దిగగానే మళ్ళీ ఉతకాలని షరతు పెట్టాను. తర్వాత తర్వాత మిగతా కేంద్రాల్లో కూడా, ఇంటి దుప్పటి కావాలన్నవాళ్ళకి అదే షరతు మీద ఒప్పుకున్నాం.

శుక్రవారం పొద్దున్న నేను వరండాలో నిలబడ్డాను. వచ్చినవాళ్ళు వచ్చి మిషన్ల మీద ఎక్కుతున్నారు. ఎర్రయ్య మంచం దగ్గర టెక్నీషియన్ అంతా సిద్ధం చేసి, నన్ను చూసి, వేరే వాళ్ళని వేసేద్దామా అని కళ్ళతోనే అడిగాడు. ఆగమన్నాను. డాక్టరు గారు రెండుసార్లు బయటికొచ్చి గేటువైపు చూసి వెళ్ళారు.

చివరికి ఆటో వచ్చింది. ముందు పోలమ్మ దిగింది. ఆమె చేతుల్లో సంచి లేదు, గుడ్డమూట లేదు, ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగుని పట్టుకుని ఉంది. తర్వాత తమ్ముణ్ణి దింపింది. ఎర్రయ్య ఒళ్ళంతా ఉబ్బి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. వరండాలో ఆ రోజు మాట విన్నవాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు. పోలమ్మ ఎవరి వైపూ చూడలేదు. వాళ్ళ మధ్య నుంచే తమ్ముణ్ణి నడిపించుకుంటూ వచ్చింది. డాక్టరు గారు ఎదురెళ్ళి రెండో రెక్క పట్టుకున్నారు. ఎర్రయ్య ఆయన్ని చూసి ఆగిపోయాడు.

"నడు," అంది పోలమ్మ. "బాబు మనింటికొచ్చినాడు. నా సేతి బొండాం తాగినాడు."

ఎర్రయ్య వచ్చి మంచం ఎక్కాడు.

నేను బొంత తెచ్చి పోలమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని విప్పి, పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టి, గడ్డం దాకా లాగి, పక్కల్లో దోపింది. సూది వేసే చెయ్యి ఒక్కటే బయట ఉంచమని టెక్నీషియన్ చెప్పాడు. ఎర్రయ్య బొంత అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఆస్పత్రి కంపు కొడతందే అప్పా," అన్నాడు. "మనింటి వాసన పోనాది."

"పోతే పోనాదిరా," అంది పోలమ్మ. "నానొచ్చినాను గదా."

ఎర్రయ్య టెక్నీషియన్ వైపు చెయ్యి చాపాడు.